మా పెద్దసారుని మేనమామని చేసిన రోజు

కొత్తగా ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ పడ్డ నర్సమ్మలకీ, తెల్లకోటు ఇస్త్రీ మడతలింకా పోని చిన్న డాక్టర్లకీ ముందే చెబుతున్నా, ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. నోరు జారి ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చిన సంగతి ఇది. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకుంటున్నా. సర్వీసులో ఉండగా ఈ ముక్క నాచేత అనిపించడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

మాది గురజాల. మాట మెత్తగా రాదు నాకు. నరసరావుపేట ఊరి చివర పిల్లల ఆసుపత్రిలో, పిల్లలకి తలకాయ ఆపరేషన్లు చేసే థియేటర్‌కి హెడ్ సిస్టర్‌గా చేశా. అక్కడ సర్జన్లు ముగ్గురు. ముగ్గురూ పనిలో దేవుళ్ళే. థియేటర్ తలుపు దాటి బయటికొస్తే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో అవస్థ.

పెద్దసారు మెదడు మీద కత్తి పెట్టేటప్పుడు చూడాలి, చెయ్యి ఇసుమంతైనా వణకదు. అదే మనిషి పిల్లల తాలూకు వాళ్ళతో మాట్లాడాలంటే నుదురంతా చెమట. ఎవరి మొహమూ చూడడు, ఎదుటివాళ్ళ చొక్కా జేబుతో మాట్లాడతాడు. అర్థం కాలేదంటే కాయితం తీసి బొమ్మ గీస్తాడు. ఒకసారి ఆయన గీసిన మెదడు బొమ్మ చూసి ఓ రైతు, "కాలీఫ్లవరు ఎందుకు గీశారు సారూ" అని అడిగాడు.

రెండో సారు దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. ఆయన మాట్లాడడం మొదలుపెడితే ఆపలేం. జరిగేదీ చెబుతాడు, జరగనిదీ చెబుతాడు, ఎక్కడో ఎవరికో జరిగిందీ చెబుతాడు. ఆయన అరగంట ధైర్యం చెప్పాక పిల్లల్ని భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. అందుకని ఆపరేషన్‌కి ముందు ఆయన్ని వార్డులోకి రానిచ్చేదాన్ని కాదు, ఏదో ఒక ఫైలు ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని.

మూడో ఆమె చిన్న మేడం. కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు పిల్ల. మనిషి నా భుజం దాకా వచ్చుద్ది, గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి వినపడుద్ది.

ఇట్టాంటి ముగ్గురి మధ్య, పెద్దవాళ్ళకి నచ్చజెప్పే పని నా నెత్తిన పడింది. "మీ వైపు మనుషులే గదా సిస్టర్, మీరు చెబితే వింటారు" అని పెద్దసారు నన్ను ముందుకి తోసి, తను నా వెనకాల నిలబడేవాడు. నాకూ అదొక గొప్పగానే ఉండేది. పల్నాడు మనుషుల లోగుట్టు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదనుకునేదాన్ని. ఆ గీర దిగిన రోజు సంగతే ఇది.

మాచవరం అవతలి పల్లె నుంచి ఎనిమిది నెలల ఆడపిల్లని తెచ్చారు. తల పెరగాల్సిన దానికన్నా ఎక్కువ పెరిగింది. మూడు రోజులుగా వాంతులు, ముందురోజు నుంచి మగత. మెదడులో నీళ్ళు పోయే దారి మూసుకుపోయి నీరంతా లోపలే నిలిచిపోతోంది. సన్నటి గొట్టం ఒకటి లోపల పెట్టి, చర్మం కిందుగా పొట్టలోకి దించితే నీరు దిగుద్ది, పిల్ల బతుకుద్ది. ఆ రోజే చెయ్యాలి. పొద్దున ఏడింటికి తల్లి పాలు పట్టింది కాబట్టి కడుపు ఖాళీ అవడానికి పదకొండు దాకా ఆగుదామన్నారు.

పిల్ల తండ్రి లారీ మీద లోడు వేసుకుని వెళ్ళి నాగపూర్ దగ్గరెక్కడో ఉన్నాడు. వచ్చింది తల్లీ, తాతా. తాత అంటే పిల్ల నాయనకి నాయన, మాజీ సర్పంచి. ఆసుపత్రిక్కూడా గంజి పెట్టిన పంచె కట్టుకుని, వెనకాల ఇద్దరు మనుషుల్ని వేసుకుని వచ్చాడు. తల్లికి పాతికేళ్ళుంటాయేమో. పిల్లని ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. సంతకానికి తల్లి చాలదా అంటారు మీరు. చట్టం ప్రకారం చాలు. ఆ ఇంట్లో చాలదు.

పెద్దసారు ఆ తాత చొక్కా జేబు వైపు చూస్తూ బొమ్మ గీశాడు. ఈసారి ఆ బొమ్మ ఎవరికీ అవసరం పడలా. సాగర్ కాలవ కింద ముప్పై ఏళ్ళు నీళ్ళ తగాదాలు తీర్చిన మనిషాయన, ఒక్క ముక్కలో పట్టేశాడు.

"అంటే కాలవ పూడింది, తూము పెట్టి మళ్ళిస్తారు. అంతేగా సారూ."

"అంతే" అన్నాడు పెద్దసారు, ఆనందం పట్టలేక. ఆయన జీవితంలో ఒక బొమ్మ అర్థమవడం అదే మొదటిసారి.

"అయితే పెట్టండి. జుట్టు మాత్రం తియ్యమాకండి."

పెద్దసారు వెనక్కి తిరిగి నావైపు చూశాడు. నేను ముందుకొచ్చా.

పుట్టెంట్రుకలు. ఇంకా తియ్యలా. పదకొండో నెల్లో కోటప్పకొండ మీద మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామ చేత మూడు కత్తిరింపులు వేయించి, ఆ తర్వాతే గుండు చేయించాలని మొక్కు. ఆ మొక్కు తీరకుండా ఎవరో గౌను వేసుకున్నవాడు మిషను పెట్టి చెవి పైన ఒక చెక్క గొరిగేస్తే ఎట్టా అని ఆయన బాధ. ఆ సగం గుండు ఇంకా అరిష్టం.

నేను బేరం మొదలుపెట్టా. మొదటి మూడు కత్తిరింపుల వెంట్రుకలు జాగ్రత్తగా దాచి ఇస్తాం, కొండ మీద ఇచ్చుకోండి అన్నా. సరేనన్నాడు. సగం గుండు కాదు, నున్నగా మొత్తం గుండు చేయిస్తా అన్నా. దానికీ సరేనన్నాడు. పెద్దసారు వెనకనుంచి "మొత్తమా" అని గొణిగాడు. మా థియేటర్లో ఆయన పెట్టిన రూలు ఒకటుంది, తల మీద జుట్టు తీసేది ఆపరేషన్ చేసే సర్జనే. చిన్న గాటు పడినా చీము పట్టుద్దని ఆయన భయం. అంటే ఆ గుండు ఆయనే చెయ్యాలి. నేను విననట్టు ఊరుకున్నా.

"మరి మేనమామ?" అన్నాడు తాత.

"లేడా?"

"ఉన్నాడు. లేనట్టే."

అప్పుడు అడగాలి నేను, ఏంది కథ అని. అడగలా. గడియారం చూశా, మగతగా పడున్న పిల్లని చూశా, నా తెలివి మీద నాకున్న నమ్మకంతో అనేశా. "దానికేముంది బాబాయ్, మా పెద్దసారే మేనమామ అనుకోండి."

తాత మొహం చేటంత అయింది. మీసం మీద చెయ్యేసి, "అమ్మా, ఎంత మంచి మాట అన్నావు" అన్నాడు. మనిషి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడా అని నాకు అనుమానం రావాలి. రాలా. నా అంతదాన్ని నేనేనని మురిసిపోయా.

మేనమామ అన్నాక ఊరికే అయిద్దా. కత్తిరింపులు థియేటర్లోనే గానీ, ముందు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొత్త బట్టలు పెట్టాలి. చిన్న మేడం నవ్వాపుకుంటూ మనిషిని పంపి ఎర్ర గౌను తెప్పించింది. పెద్దసారు థియేటర్ బట్టల్లోనే వార్డులో చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు, పీటల మీద పెళ్ళికొడుకులాగా. పిల్లని ఒళ్ళో పెడితే ఎట్టా పట్టుకోవాలో తెలవలా ఆయనకి. ఎన్ని వందల మంది పసిపిల్లల తలలు పట్టుకున్నాడో, మత్తు ఇవ్వని పిల్లని ఒళ్ళో ఎత్తుకోవడం మాత్రం తెలవదు. అందరం నవ్వాం. పిల్ల తల్లి కూడా కొంచెం నవ్వినట్టే ఉంది. తాత మనుషుల్లో ఒకడు ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. కొట్టి ఊరుకోలా, మా అమ్మాయికి కొత్త మేనమామ దొరికాడని రాసి చుట్టాల గ్రూపులో పెట్టాడు.

ఈపూరు దగ్గరుండే అసలు మేనమామకి అది చేరడానికి ఎంతసేపు పట్టింది? మనిషి అక్కడినుంచి నరసరావుపేట రావడానికి గంట పట్టింది, అంతే.

పదకొండు కావస్తోంది. పిల్లని స్ట్రెచర్ మీద థియేటర్ దాకా తెచ్చాం. మెట్ల మీద బూట్ల చప్పుడు. జీపులోంచి దిగిన నలుగురు వెనకాల వస్తుంటే, నిలువెత్తు మనిషి ఒకడు వచ్చి థియేటర్ తలుపులకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"నేను బతికుండగా నా మేనకోడలికి ఇంకో మేనమామ ఎవడండీ?"

పెద్దసారు నా వెనక్కి చేరాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పిల్ల ఊయల ఫంక్షన్‌కి తాత పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో మండలంలో ఉన్న నాయకులందరి ఫొటోలూ ఉన్నాయి, ఎరువుల కొట్టాయన ఫొటో కూడా ఉంది. మేనమామ ఫొటో లేదు. ఆయన అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఇదీ ఆ తాత, మేనమామ ఉన్నా లేనట్టే అన్నదాని వెనక కథ. నేను అన్న తేలిక మాట ఆ తాత చేతికి కర్రలాగా దొరికింది, తీసుకెళ్ళి అవతలాయన నెత్తిన కొట్టాడు.

"పిల్లకి ఆపరేషన్ అయ్యా ఇది, తప్పుకో" అన్నా.

"ఆపరేషన్ వద్దనలా నేను. ముందు నా ఫొటో ఎందుకు వెయ్యలేదో ఆయన్ని చెప్పమనండి."

"వాడితో నాకు మాటేంది" అన్నాడు తాత గోడ వైపు తిరిగి.

ఈ లోపల పెద్దసారు స్ట్రెచర్ మీదికి వంగాడు. పిల్ల అరికాలు గిల్లాడు. కదల్లా. కళ్ళ రెప్ప ఎత్తి లైటు వేసి చూశాడు. తలెత్తి, మొదటిసారి చొక్కా జేబులు వదిలేసి మనుషుల మొహాలు చూశాడు. "ఇంక ఆగకూడదు" అన్నాడు. గట్టిగా అనలా. నేను ఆయన పక్కన చేసినదాన్ని కాబట్టి ఆ గొంతు ఏందో నాకు తెలుసు. నా నోటి దురుసుకి ఈ పిల్ల పోతే నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి అనుకున్నా.

అప్పుడు రెండో సారు ఫైలు పక్కన పడేసి వచ్చాడు. నేను ఆపలా. ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు పిల్ల తలలో ఏం జరుగుతోందో చెప్పాడు, ఇంకాసేపటికి ఏం జరుగుద్దో చెప్పాడు, ఆ తర్వాత ఊపిరి ఎట్టా ఆగుద్దో చెప్పాడు. ఒక్క ముక్క దాచలా. ఎన్నేళ్ళు ఆ నోరు మూయించానో, ఆ రోజు ఆ నోటికి దణ్ణం పెట్టుకున్నా. మేనమామ చేతులు వాటంతట అవే కిందికి దిగాయి.

"నేను కత్తిరిస్తా" అన్నాడు. "కానీ ఆయన నోటితో రమ్మనాలి."

తాత గోడ వైపే చూస్తున్నాడు.

చిన్న మేడం ఆ ఇద్దరి మధ్యకి దూరి ఒక్క అరుపు అరిచింది. "రమ్మనుడు లేదు, పొమ్మనుడు లేదు. పిల్ల తల మీద చెయ్యి పెట్టేటోళ్ళు ఎవరైనా సరే చేతులు కడగాలె. మా సారు రూలు. మత్తు డాక్టరుకి సూది పెట్టనీకి ఎట్లనూ అయిదు నిమిషాలు పడతది. కత్తెర పట్టేటోడు ఒకడు, వెంట్రుకలు పట్టేటోడు ఒకడు. ఇద్దరూ లోపలికి నడువుండ్రి."

జీపులో వచ్చినవాళ్ళూ, తాత వెనకాల వచ్చినవాళ్ళూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఆ పొట్టి పిల్ల ఇద్దర్నీ లోపలికి తోలింది.

మేం చేతులు కడుక్కునే పద్ధతి మీకు తెలుసు. సబ్బు బ్రష్షుతో వేళ్ళ నుంచి మోచేతుల దాకా, అయిదు నిమిషాలు గడియారం చూసి రుద్దాలి. తర్వాత చేతులు పైకెత్తి పట్టుకోవాలి. దేన్నీ తాకకూడదు. తాకావా, మళ్ళీ మొదటినుంచి. నేను అప్పటికే గౌను తొడుక్కుని లోపల ట్రేల దగ్గర ఉన్నా. అద్దం తలుపులోంచి పంపుల దగ్గర జరిగేది కనపడుతోంది, సగం తెరిచే ఉంది కాబట్టి వినపడుతోంది కూడా.

ఇద్దరికీ టోపీలు, మాస్కులు, గౌన్లు. పంచె విప్పి మా పైజామా వేసుకోమంటే తాత ఒంటికాలి మీద లేచాడు, పంచె మీదే గౌను తొడిగారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి రుద్దుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, పంపుల వంక చూస్తూ. అయిదు నిమిషాలు అయింది. ఇద్దరూ చేతులు పైకెత్తారు.

అదుగో అప్పుడు జారింది పంచె.

ఒక్కసారిగా కాదు, నిదానంగా. తాతకి తెలుస్తోంది. చేతులు దించబోతే చిన్న మేడం, "చెయ్యి దించిన్రంటే మళ్ళ మొదటికెల్లి" అన్నది. తాత మోకాళ్ళు దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఊరిని ఏలిన మనిషి, చేతులు గాల్లో పెట్టి, మోకాళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"అల్లుడా" అన్నాడు చివరికి, పంపు వైపే చూస్తూ.

మేనమామ తల తిప్పలా. "ఏంది మామా."

"పంచె."

మేనమామ చూశాడు. తన చేతులు చూసుకున్నాడు, మేడాన్ని చూశాడు, గడియారం చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులతో పంచె పట్టుకుని, కుచ్చిళ్ళు సర్ది, గట్టిగా బిగించి కట్టాడు. మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రెండో అయిదు నిమిషాలు తాతకి చేతులు ఎత్తుకుని నిలబడడం తప్ప ఇంకో పని లేదు. అవతల మత్తు డాక్టరుకి పిల్ల నరం అప్పటిదాకా దొరకలేదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఇద్దర్నీ నేనే బయటికి గెంటేదాన్ని.

"నువ్వు పంపిన ఫొటోలో ఎడ్లున్నాయి గదరా" అన్నాడు తాత.

"ఉంటే? బండలాగుడులో ఫస్టు వచ్చిన జత."

"ఎడ్లని కోసేస్తే నీ చెయ్యి కూడా తెగిద్దన్నాడు ఫ్లెక్సీ వాడు. ఎడ్లతో సహా వేస్తే నాయకుల మధ్యన బాగుండదన్నాడు. ఇంకో ఫొటో అడుగుదామంటే టైము లేకపాయె."

మేనమామ బ్రష్షు ఆపాడు. "ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా మామా."

"నువ్వు తినకుండా పోతివి గదా, ఎవరికి చెప్పను."

ఆ ఫొటో తర్వాత నాకూ చూపించాడు మేనమామ. నిజమే, రెండు ఎడ్ల మెడల చుట్టూ చెరో చెయ్యి వేసి ఉన్నాడు. ఎక్కడ కోసినా ఎవరో ఒకరు పోతారు.

లోపలి గదిలో స్టూలు మీద కూర్చుని మేనమామ పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడ్లని అదుపు చేసే చేతులు, కత్తెర పట్టుకుంటే గజగజా వణికాయి. పెద్దసారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. వణుకు తగ్గింది. మూడు కత్తిరింపులు పడ్డాయి. తాత రెండు చేతులు దోసిలి పట్టి వెంట్రుకలు అందుకున్నాడు. తర్వాత పెద్దసారు మిషను తీసుకుని, ఇచ్చిన మాట ప్రకారం నున్నగా మొత్తం గుండు చేశాడు. అంత చదువు చదివిన మనిషి గుండు చేస్తుంటే ఆ శ్రద్ధ చూడాలి, ఒక్క గాటు లేదు.

వెంట్రుకలు నేను సీసాలో వేయించి మూత పెట్టించి పిల్ల పేరు రాయించా. మా కొత్త నర్సమ్మ అలవాటు చొప్పున దాన్ని ల్యాబుకి పంపించేసింది. ఆపరేషన్ మధ్యలో ల్యాబు నుంచి ఫోన్, వెంట్రుకలకి ఏం టెస్టు చెయ్యాలి అని. "దణ్ణం పెట్టి వెనక్కి పంపండి" అన్నది చిన్న మేడం.

గొట్టం లోపల సరిగ్గా కూర్చుని, నీరు చుక్క చుక్కగా తేటగా దిగుతుంటే రెండో సారు కూడా మాట్లాడ్డం మానేశాడు. గంటన్నరలో అయిపోయింది. పిల్ల చిటికెన వేలు కదిలించింది. నాకు ఏడుపొచ్చింది, మాస్కు ఉంది కాబట్టి ఎవరికీ కనపడలా.

పెద్దసారు బయటికొచ్చాడు, నేను వెనకాల. తాతా మేనమామా ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు, దిగ్గున లేచారు. సారు జేబులోంచి కాయితం తీయబోతున్నాడు. అప్పుడు గోడ దగ్గర నుంచి పిల్ల తల్లి లేచొచ్చింది. పొద్దున్నించి ఆమె గొంతు నేను వినలేదని అప్పుడు తెలిసింది నాకు.

"అన్నా, పిల్లకి పాలు ఎప్పుడు పట్టాలి?"

పక్కనే ఉన్న సొంత అన్న నోరు తెరవబోయి ఆగాడు. ఆమె అడిగింది పెద్దసారుని. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"మూడు గంటలాగి పట్టొచ్చమ్మా. నువ్వేమన్నా తిన్నావా?"

"లేదన్నా. నన్ను ఎవరూ అడగలా."

తాత తల దించుకున్నాడు. మేనమామ తల దించుకున్నాడు. నేను మాత్రం ఎక్కడ పెట్టుకోను నా తల? మొక్కు గురించి బేరమాడా, మేనమామ గురించి మాట్లాడా, అనకూడని మాట కూడా అన్నా. నేనూ ఆడదాన్నే, నర్సుని. పాలిచ్చే తల్లి పొద్దున్నించి పస్తులుందని కనుక్కోలా. సిగ్గుతో చచ్చిపోయా.

పది నిమిషాల్లో మూడు పొట్లాలు వచ్చాయి. తాత ఒకటి, మేనమామ ఒకటి, పెద్దసారు ఒకటి. ఆమె మూడూ పక్కన పెట్టుకుంది, పిల్ల తాగితేనే తింటానన్నది. మూడు గంటలు అట్టాగే కూర్చుంది. పిల్ల కళ్ళు తెరిచి, నున్నటి గుండుతో అటూ ఇటూ వెతుక్కుని, రొమ్ము పట్టుకుంది. ఆమెకి ఒక చెయ్యి పిల్ల తల కింద, ఇంకో చెయ్యి కట్టు కదలకుండా కాస్తూ ఉంది.

నేను చేతులు కడుక్కుని వచ్చి, పొట్లం విప్పి, పప్పూ అన్నం కలిపి ముద్ద నోటికి అందించా. ఆమె వద్దనలా. రెండు ముద్దలు కళ్ళ నీళ్ళతో తిన్నది. మూడో ముద్ద నమిలి, నావైపు చూసి, "కారం చాల్లేదక్కా" అన్నది.

ఇంక తల్లీపిల్లా ఇద్దరికీ భయం లేదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.